తెల్లదోమ దోమ కాదు, పేనుబంక పేను కాదు

(రికార్డింగు నుంచి రాసిన ప్రసంగ పాఠం. రాలేకపోయినవాళ్ల కోసం. తడబాట్లు తీసేశాం, మిగతా మాటలు ఉన్నవున్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసవాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మొహమాటం వద్దు.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. తెల్లదోమ దోమేనా? కాదు. సరే. పిండినల్లి నల్లేనా? కాదు. పేనుబంక పేనేనా? అదీ కాదు. ఇక ఎర్రనల్లి సంగతి అడగనే అక్కర్లేదు. అది నల్లి కాదు సరికదా, అసలు కీటకమే కాదు. ఎనిమిది కాళ్లు, సాలీడుకి చుట్టం.

ఇంకో చిత్రం చూడండి. తెల్లదోమ, పిండినల్లి, పేనుబంక, ఈ మూడూ నిజానికి ఒక ఇంటివే. మూడూ రసం పీల్చే పురుగులే. మూడింటికీ ముక్కులాంటి సూది తల కింద నుంచి వెనక్కి, ముందు కాళ్ల మధ్యలోకి ఒదిగి ఉంటుంది. మూడూ తాగినదాంట్లో మిగిలిన తీపిని బంకగా వదులుతాయి. అంత దగ్గరి చుట్టాలు. మన మాటలేమో ఒకదాన్ని దోమల్లో వేశాయి, ఒకదాన్ని నల్లుల్లో వేశాయి, ఒకదాన్ని పేలల్లో వేశాయి. పేలు, దోమలు వీటికి ఏమీ కావు. మంచంలో నల్లి మాత్రం ఏదో దూరపు చుట్టరికం చెప్పుకోవచ్చు.

నేనిక్కడ జనం పెట్టిన పేర్లని వెక్కిరించడానికి రాలేదు. పేనుబంక అన్న మాట తీసుకోండి. ఎంత చక్కటి మాట అది! పేనులాగా గుంపుగా అంటుకుని ఉంటుంది, పక్కనే బంక ఉంటుంది. రెండు పరిశీలనలు ఒక్క మాటలో ఇరికించేశారు. ఎవరు పెట్టారో గానీ, ఆకు తిప్పి చూసినవాళ్లే పెట్టారు. మరి ఇబ్బంది ఎక్కడ? ఆ ఒక్క మాట కింద ప్రపంచంలో సుమారు 5000 జాతులు ఉన్నాయి. వేరుశనగ మీదదీ పేనుబంకే, పత్తి మీదదీ పేనుబంకే, ఆవ మీదదీ పేనుబంకే. మొదటిది ఎఫిస్ క్రాక్సివోరా, నల్లగా నిగనిగలాడుతుంది. రెండోది ఎఫిస్ గాసిపై. మూడోది లిపాఫిస్ ఎరిసిమై. ఒకదాన్ని తినే మిత్రపురుగు ఇంకోదాన్ని ముట్టుకోకపోవచ్చు. పేరు తెలియకుండా మిత్రపురుగుని తెచ్చి వదిలామనుకోండి, ఏమవుతుంది? ఏమీ అవదు. అదే కదా బాధ.

ముందు పేనుబంకనే కాసేపు చూద్దాం. మీ పక్కన బల్ల మీద ఆకులున్నాయి, భూతద్దాలున్నాయి. ఆకు అడుగు వైపు చూడండి. పైన కాదు, అడుగు వైపు. గుంపులో ఒక పెద్దది, చుట్టూ చిన్నవి కనిపిస్తాయి. పెద్దదాని వెనక భాగంలో రెండు చిన్న గొట్టాలున్నాయి చూశారా? ఏదైనా వచ్చి పట్టుకుంటే ఆ గొట్టాల్లోంచి ఒక వాసన వదులుతుంది. ఆ వాసన తగలగానే పక్కవాళ్లు సూది పీక్కుని నడుస్తారు, కొందరు ఆకు మీంచి కిందికి దూకేస్తారు కూడా.

ఆ సూది ఎక్కడిదాకా పోతుందంటే, మొక్క తన చక్కెరని ఆకు నుంచి వేరుకి పంపే నాళం దాకా. అక్కడ ఒత్తిడి ఉంటుంది కాబట్టి రసం దానంతటదే ఎక్కుతుంది, పురుగు పెద్దగా కష్టపడాల్సింది లేదు. కానీ ఆ రసంలో చక్కెర ఎక్కువ, ఒంటికి కావలసిన అమైనో ఆమ్లాలు తక్కువ. కాబట్టి బోలెడు తాగాలి, బోలెడు చక్కెర వదిలేయాలి. ఆ వదిలేసిందే బంక. దాని కోసం చీమలు చేరతాయి, దాని మీద నల్లటి మసి పడుతుంది. మీరు దూరం నుంచి చూసేది ఆ చీమల్నీ ఆ మసినీ. పురుగు కనిపించదు.

ఇప్పుడు అదృష్టం బాగుంటే ఒక కాన్పు చూస్తారు. అవునండి, కాన్పే. గుడ్డు కాదు. వెనక భాగం ముందు వస్తుంది, తల ఆఖరున వస్తుంది. బయటపడ్డ పిల్ల కాసేపటికల్లా సూది దించేస్తుంది. ఇందులో తమాషా ఏమిటంటే, ఆ పుట్టే పిల్ల కడుపులో అప్పటికే పిండాలు పెరుగుతూ ఉంటాయి. అంటే అమ్మ కడుపులో కూతురు, కూతురు కడుపులో మనవరాలు, ముగ్గురూ ఒకే చర్మంలో. తండ్రి ఎక్కడ? లేడు.

దీన్ని మొదటిసారి పరీక్ష పెట్టి చూపించినవాడు జెనీవాకి చెందిన షార్ల్ బొనే. 1740లో. అప్పటికి అతనికి 20 ఏళ్లు. అప్పుడే పుట్టిన ఒక పేనుబంకని ఒంటరిగా గాజుపాత్ర కింద పెట్టి, రోజూ గంటగంటకీ రాసుకుంటూ కూర్చున్నాడు. మగ పురుగు నీడ కూడా పడని ఆ ఒంటరి ఆడది 95 పిల్లల్ని కన్నది. 20 ఏళ్ల కుర్రాడు ఒక పురుగు ముందు అన్ని రోజులు కూర్చున్నాడంటే, అది కూడా ఒక వింతే అనుకోండి.

సరే, ఇది కథ కోసం చెప్పలేదు. ఇక్కడ పేర్లు పెట్టేవాళ్లకి ఒక చిక్కు ఉంది. జాతి అంటే ఏమిటి? జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మేయర్ 1942లో ఇచ్చిన నిర్వచనం మీలో చాలామంది చదివే ఉంటారు. తమలో తాము జతకట్టి సంతానం కనగలిగి, బయటివాళ్లతో జతకట్టని గుంపు ఒక జాతి. బాగానే ఉంది. మరి జతకట్టడమే లేనివాళ్లని ఏం చేయాలి? చలి దేశాల్లో పేనుబంకలకి చలికాలం ముందు ఒక తరం మగవీ ఆడవీ వస్తాయి, జతకడతాయి, గుడ్లు పెడతాయి. వెచ్చటి చోట్ల ఆ తరమే రాకపోవచ్చు. ఏడాది పొడుగునా అమ్మ, కూతురు, మనవరాలు, అంతే. అప్పుడు ఆ నిర్వచనాన్ని ఎవరి మీద పెట్టి కొలుస్తారు?

రూపం చూసి చెప్పేద్దామా? పత్తి పేనుబంకని చూడండి. ఎండలు బాగా ఉండి, గుంపు కిక్కిరిసి ఉంటే, చిన్నగా పసుపుపచ్చగా ఉంటుంది. చల్లగా ఉండి తిండి బాగుంటే, పెద్దగా ముదురాకుపచ్చగా, ఇంచుమించు నల్లగా ఉంటుంది. రెండూ ఒకే అమ్మ పిల్లలు కావచ్చు. అందుకే ఒక్కో పేనుబంకకి వెనక బోలెడు పాత పేర్లు వేలాడుతుంటాయి. ఒకాయన వంగ మీద చూసి ఒక పేరు, ఇంకొకాయన మరో మొక్క మీద చూసి మరో పేరు. రంగు మారింది, మొక్క మారింది, పురుగు మాత్రం అదే.

అటు పక్క కూడా ఉంది. బఠాణీ పేనుబంక, ఎసిర్తోసైఫన్ పైసమ్. చూడటానికి అంతా ఒకటే. కానీ లూసర్న్, క్లోవర్ అని రెండు పశుగ్రాసం మొక్కలున్నాయి, లూసర్న్ మీద బతికేది వేరు, క్లోవర్ మీద బతికేది వేరు. ఒకదాన్ని రెండోదాని మొక్క మీద పెడితే సరిగా బతకదు. జన్యువులు చూసినవాళ్లు ఇలాంటి గుంపులు కనీసం 11 ఉన్నాయని తేల్చారు. అన్నిటికీ పేరు ఒకటే. ఒక పేరు చాలా? పదకొండు పేర్లు పెట్టాలా? దీని మీద ఇప్పటికీ ఒక మాట లేదు. లేకపోవడం తప్పు కూడా కాదని నేనంటాను, ఎందుకంటే అవి ఇంకా విడిపోతూనే ఉన్నాయి. సగం దారిలో ఉన్నదానికి ఏ ఊరి పేరు రాస్తాం?

ఇప్పుడు పేనుబంకని చంపే మిత్రపురుగు దగ్గరికి వద్దాం, అదొక కందిరీగ. కందిరీగ అనగానే చాలామంది చెయ్యి వెనక్కి లాక్కుంటారు. ఇది ఆ కందిరీగ కాదు. రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. మనిషిని కుట్టదు. దోమ అనుకుని ఊదేస్తారు మీరు. దీన్ని వ్యవసాయంవాళ్లు బదనిక అని కూడా అంటారు. చెట్టు మీద మొలిచి చెట్టు రసం తాగే మొక్క పేరు అది. పురుగుకి కూడా అదే పేరు తెచ్చి పెట్టారు. కానీ ఒక తేడా గమనించండి. చెట్టు మీది బదనికకి చెట్టు బతికి ఉండాలి. ఈ కందిరీగ మాత్రం చివరికి తను ఉన్న ఇంటిని చంపి తీరుతుంది. చంపకుండా దాని బతుకు పూర్తి కాదు. పూర్తి పరాన్నజీవీ కాదు, పూర్తి వేటాడే పురుగూ కాదు. అందుకే 1913లో రాయిటర్ అనే ఫిన్లాండ్ శాస్త్రవేత్త వీటికి పారాసిటాయిడ్ అని విడిగా ఒక మాట కట్టాడు. తెలుగులో ఆ తేడా చూపించే మాట ఇంకా స్థిరపడలేదు. మీలో ఎవరైనా మంచి మాట తడితే చెప్పండి, నేను వాడుకుంటాను.

ఇది పని చేసే తీరు ఒకసారి చూస్తే మర్చిపోరు. గుంపు దగ్గరికి నడుచుకుంటూ వస్తుంది. మీసాలతో ఒక పేనుబంకని తడుతుంది. తరవాత తన పొట్టని తన కాళ్ల మధ్య నుంచి, తన ఒంటి కిందుగా, ముందుకి వంచుతుంది. ఇలా. నా చెయ్యి చూడండి, మోచెయ్యి ఇక్కడ, వేళ్లు అక్కడ. ఆ కొసతో ఒక్క పోటు. సెకను పట్టదు. పేనుబంక వెనక కాలితో తంతుంది, ఒక్కోసారి తప్పించుకుంటుంది కూడా. తప్పించుకోకపోతే లోపల ఒక గుడ్డు పడింది. ఒక్క గుడ్డు. ఆ తరవాత కందిరీగ ఇంకోదాన్ని వెతుక్కుంటుంది. ఒక్కొక్కటి వందల గుడ్లు పెట్టగలదు.

గుడ్డు పడిన పేనుబంక అప్పటికప్పుడు చావదు. తాగుతూనే ఉంటుంది, నడుస్తూనే ఉంటుంది. లోపల పిల్ల ఒక్కొక్క భాగాన్నీ వరసగా తింటుంది. ప్రాణం నిలబెట్టేవాటిని ఆఖరికి ఉంచుకుంటుంది. చివర్లో పేనుబంక పొట్ట అడుగున ఒక చీలిక చేసి, పట్టుదారంతో దాన్ని ఆకుకి అతికించేస్తుంది. చర్మం గట్టిపడి, ఉబ్బి, బంగారు రంగు గింజలా అవుతుంది. దాన్ని మమ్మీ అంటారు. వాతావరణాన్ని బట్టి, గుడ్డు పడిన రెండు వారాలకి అటూ ఇటుగా, ఆ గింజ వీపున గుండ్రటి మూత కోసుకుని కొత్త కందిరీగ బయటికొస్తుంది. మూత ఒక్కోసారి తలుపులా వేలాడుతూనే ఉంటుంది. బంగారు రంగు గింజ అయితే లోపల ఎఫిడియస్ అనే రకం కందిరీగ కావచ్చు. నల్లగా ఉంటే ఎఫెలైనస్, అది వేరే కుటుంబం. గింజ కింద చిన్న డేరా వేసినట్టుంటే ప్రేయాన్. శవం చూసి హంతకుడెవరో చెప్పడం అన్నమాట.

ఒక చిన్న పొడుపుకథ. ఎఫిడియస్ ఆడది జతకట్టకుండా గుడ్లు పెడితే ఏమవుతాయి? ఆడవా? కాదండి, అన్నీ మగవి. కందిరీగల్లో ఫలదీకరణ జరగని గుడ్డు మగది అవుతుంది, జరిగినది ఆడది అవుతుంది. అంటే జత ఎరగని పేనుబంకకి అందరూ కూతుళ్లే, జత ఎరగని కందిరీగకి అందరూ కొడుకులే. ఒకే ఆకు మీద, ఒకదాని కడుపులో ఒకటి ఉంటూ, రెండు పూర్తిగా ఎదురు లెక్కలు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. చదువుకునే రోజుల్లో మమ్మీలు ఏరి, ఒక్కొక్కటి ఒక్కో గాజు గొట్టంలో వేసి, దూది బిరడా పెట్టి, ఏం బయటికొస్తుందో చూసే పని అప్పగించారు నాకు. వచ్చాయి. చిన్నగా, నల్లగా, మెరుస్తూ. అన్నిటినీ మిత్రపురుగులు అని రాసి, పట్టిక కట్టి, ఎంత శాతం పేనుబంకలు చస్తున్నాయో లెక్క కూడా గట్టిగా వేసి పట్టుకెళ్లాను. మా గురువుగారు కందిరీగల్ని చూడనే లేదు. ఖాళీ మమ్మీలు అడిగారు. అద్దం కింద పెట్టి, "రంధ్రం అంచు చూశావా?" అన్నారు. చూశాను. చాలావాటికి అంచు నున్నగా, గుండ్రంగా లేదు. ఎలుక కొరికినట్టు రంపపు పళ్లలా ఉంది.

అంటే ఏమిటి? అవి ఎఫిడియస్‌లు కావు. ఎఫిడియస్‌ని తినేవి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని సామెత ఉంది కదా, అచ్చంగా అది. డెండ్రోసెరస్, అసాఫెస్ అని ఉన్నాయి, ఇవి మమ్మీ తయారయ్యాక వచ్చి, లోపలున్న కందిరీగ పిల్ల మీద గుడ్డు పెడతాయి. ఎలాక్సిస్టా అనేది ఇంకా తొందరపడుతుంది. పేనుబంక బతికి ఉండగానే, దానిలోపల ఉన్న కందిరీగ పిల్ల లోపల గుడ్డు పెడుతుంది. పిల్లకి తెలియదు, పేనుబంకకి తెలియదు, చూసే నాకు అంతకన్నా తెలియలేదు. నేను మిత్రులని రాసినవాటిలో చాలావి మిత్రుల్ని చంపేవి. లెక్క మొత్తం తలకిందులు. అంకెలు ఒక్కటీ తప్పు కాదు, గమనించండి. కూడికలన్నీ సరిగానే ఉన్నాయి. పేరు ఒక్కటే తప్పు.

అప్పటినుంచే నాకు పేర్ల పిచ్చి పట్టింది. పేరంటే ఏదో అలంకారం అనుకునేవాణ్ని. కాదు, పేరంటే ఒక వాదన. "ఇది అదే" అని మనం చేసే వాదన. నెగ్గొచ్చు, ఓడొచ్చు.

ఆ వాదన ఎలా చేస్తారో చెప్తాను, నిబంధనలు ఎక్కువ చెప్పి విసిగించను. జంతువుల పేర్ల లెక్క 1758 జనవరి 1న మొదలవుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పుస్తకం పదో కూర్పుకి ఆ తేదీ అని అందరూ ఒప్పుకున్నారు. అంతకు ముందు పేర్లు చెల్లవు. రెండు మాటలు, ముందు ప్రజాతి, తరవాత జాతి. మన ఇంటిపేరు ముందొచ్చినట్టే. ఎఫిస్ అనే ఇంటిపేరు లిన్నేయస్ పెట్టిందే. ఒకే పురుగుకి ఇద్దరు రెండు పేర్లు పెడితే ముందు పెట్టినది నిలుస్తుంది. తగాదా వస్తే తీర్చడానికి 1895లో పెట్టిన ఒక అంతర్జాతీయ కమిషన్ ఉంది. ఇప్పుడు నడుస్తున్న నియమావళి 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

పేరు పక్కన మనిషి పేరు, సంవత్సరం రాస్తారు కదా. అక్కడ బ్రాకెట్లు చూడండి, చాలామంది పట్టించుకోరు. ఎఫిస్ గాసిపై గ్లోవర్, 1877. బ్రాకెట్లు లేవు. ఇంకో పేనుబంక, మైజస్ పెర్సికే, బ్రాకెట్లలో సుల్జర్, 1776. ఎందుకు? గ్లోవర్ ఎఫిస్ అన్నాడు, ఇప్పటికీ ఎఫిసే. సుల్జర్ కూడా తన పురుగుని ఎఫిస్ అనే అన్నాడు, తరవాతివాళ్లు దాన్ని మైజస్‌లోకి మార్చారు. ఇంటిపేరు మారింది, సొంత పేరు ఉండిపోయింది. ఆ రెండు చిన్న గీతలు అర్థం చెప్పేది అదే: ఈ పురుగు ఇల్లు మారింది. అచ్చుతప్పు అనుకుని తీసేసేవాళ్లని చూశాను. తీసేయకండి.

ఇంకొకటి, హోలోటైప్. పేరు పెట్టేటప్పుడు ఒక్క నమూనాని చూపించి, ఈ పేరు దీనిది అనాలి. మంచి నమూనా కానక్కర్లేదు, సగటు నమూనా కానక్కర్లేదు. కాలు విరిగినదైనా సరే. ఆ పేరు ఆ ఒక్కదానికి మేకు కొట్టి బిగించినట్టు. తరవాత ఎంతమంది ఎన్ని విడగొట్టినా, కలిపినా, పేరు ఆ నమూనా ఎటు పోతే అటు పోతుంది. పేనుబంకలు మెత్తన కాబట్టి ఎండితే ముడుచుకుపోతాయి, గాజు పలక మీద జిగురులో పరుస్తారు. పక్కన కాగితం ముక్క మీద చోటు, తేదీ, ఏ మొక్క మీద దొరికింది, ఎవరు పట్టారు. ఆ కాగితం లేని పురుగు వట్టి పురుగు.

ఇప్పుడు ఆ కలపడం, విడగొట్టడం ఎలా ఉంటుందో చూపిస్తాను. ఎఫిడియస్ కోలెమాని, వీరెక్, 1912. పత్తి పేనుబంక మీదికి వదలడానికి గాజు ఇళ్లలో కూరగాయలు పండించేవాళ్లు కొనుక్కునే కందిరీగ ఇది. దీనికి నడుం దగ్గర ఒక కాడ ఉంటుంది, పొట్టకీ ఛాతీకీ మధ్య. ఆ కాడ ముందు భాగంలో, పక్కన, గీతలుంటాయి. కోలెమానికి ఆ గీతలు తక్కువ, ఒక్కోటి దిట్టంగా. మెట్రికేరియే, ఎర్వై అని ఇంకో రెండు ఎఫిడియస్ జాతులున్నాయి. మెట్రికేరియేకి సన్నగా, దగ్గరదగ్గరగా, దువ్వెన పళ్లలా. ఎర్వైకి గీతలు కావు, గరుకుగా ముడతలు. అంతే తేడా. మిల్లీమీటరులో పిసరంత చోటు. అక్కడ చూసి, ఇది పత్తి పేనుబంక మీద పని చేస్తుందా, లేక పెద్ద సైజు బఠాణీ పేనుబంక మీద పని చేసే ఎర్వైనా అని తేలుస్తారు. సీసా మీద పేరు తారుమారైతే డబ్బు పోసి కొన్న కందిరీగలు ఆకుల మీద షికారు చేసి చస్తాయి.

ఈ కోలెమానికి చాలా దగ్గరివి ఇంకో రెండు ఉన్నాయి, ప్లాటెన్సిస్, ట్రాన్స్‌కాస్పికస్ అని. 1975లో పీటర్ స్టారీ, ఈ రంగంలో పెద్ద పేరు, మూడూ ఒకటే అన్నాడు. ఆ తరవాత చాలా ఏళ్లు అందరం మూడింటినీ కోలెమాని అనే రాశాం. 2014లో తొమనోవిచ్, ఆయన తోటివాళ్లు జన్యువుల్నీ రెక్కల ఆకారాన్నీ కలిపి చూసి, కాదు, మూడే అన్నారు. మరి ఆ మధ్య కాలంలో కోలెమాని మీద రాసిన వ్యాసాలన్నీ దేని గురించి? ఎవరైనా నమూనాలు దాచి ఉంటే తీసి చూడొచ్చు. దాచకపోతే? అందుకే నేను పిల్లలకి చెప్తాను, పేరు రాయడం తప్పినా క్షమిస్తాను, నమూనా పారేస్తే క్షమించను అని.

ఇంతేనా, పేరు తప్పితే వ్యాసం తప్పుతుంది, అంతే కదా అంటారేమో. పేనుబంక నుంచి కొంచెం పక్కకి జరిగి దాని చుట్టం పిండినల్లి కథ చెప్తాను. ఇది కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

కర్రపెండలం దక్షిణ అమెరికా పంట. పోర్చుగీసువాళ్లు ఆఫ్రికాకి తీసుకెళ్లారు. అక్కడ కోట్ల మందికి అదే కడుపు నింపే దుంప అయింది. 1970ల మొదట్లో కాంగో ప్రాంతంలో దాని మీద ఒక పిండినల్లి కనిపించింది. చిగుళ్లు ముడుచుకుపోయాయి, తోటలు ఎండిపోయాయి, ఏటేటా పక్క దేశాలకి పాకింది. 1977లో మాటీల్-ఫెరెరో అనే శాస్త్రవేత్త దానికి ఫీనాకాకస్ మానిహోటై అని పేరు పెట్టింది. పంట దక్షిణ అమెరికాది కాబట్టి పురుగూ అక్కడిదే అయ్యుండాలి, దాన్ని తినే కందిరీగ కూడా అక్కడే ఉండాలి. బాగానే ఆలోచించారు. వెళ్లి వెతికారు. ఆ ఖండం ఉత్తర భాగంలో, కర్రపెండలం మీదే, అచ్చంగా అలాంటి పిండినల్లి దొరికింది. దాని కందిరీగలు పట్టి తెచ్చి పరీక్షిస్తే ఆఫ్రికా పురుగు మీద పిల్లలు కావు.

ఎందుకు కాలేదు? బాగా చూస్తే ఉత్తరాన దొరికినదానిలో మగవి ఉన్నాయి, రంగు పసుపు. ఆఫ్రికాదానిలో అన్నీ ఆడవే, రంగు గులాబి. వేరే జాతి! 1981లో దానికి విడిగా ఫీనాకాకస్ హెరెనై అని పేరు పెట్టారు. వెతుకుతున్న హాన్స్ హెరెన్ పేరు మీదే. పాపం, ఆయనకి దక్కింది ఆయన వెతకని పురుగు. అదే 1981లో ఇంకా చాలా దక్షిణాన, పరాగ్వేలో, ఆంథొనీ బెలొట్టికి అసలుది దొరికింది. దాని మీద ఒక చిన్న కందిరీగ. ఆ కందిరీగని అదే ఏడు నైజీరియాలో వదిలారు. తరవాతి సంవత్సరాల్లో ఆఫ్రికాలో 20కి పైగా దేశాల్లో అది నిలదొక్కుకుంది, పిండినల్లి చాలా చోట్ల తగ్గింది. 1995లో హెరెన్‌కి ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు.

ఆ కందిరీగకి 1964లోనే డి శాంటిస్ పేరు పెట్టి ఉంచాడు, లోపెజై అని. దాన్ని ఎపోఎనాగైరస్ అన్నారు, తరవాత ఎపిడినోకార్సిస్ అన్నారు, మళ్లీ ఎపోఎనాగైరస్ అన్నారు, ఇప్పుడు ఎనాగైరస్ అంటున్నారు. ఇల్లు ఇన్నిసార్లు మారినా ఆ చివరి మాట మారలేదు చూడండి, లోపెజై. పాత కాగితాలు వెతికేవాడికి ఆ ఒక్క మాటే దారి చూపిస్తుంది.

పేరు సరిగ్గా ఉంటే చాలా మరి? అదీ చాలదు. కాలిఫోర్నియాలో అక్రోటు తోటల పేనుబంక మీదికి 1959లో ఫ్రాన్స్ నుంచి ట్రయాక్సిస్ పాలిడస్ అనే కందిరీగని తెచ్చారు. తీరం దగ్గర బతికింది, లోపలి లోయలో ఎండకి తట్టుకోలేకపోయింది. 1968లో ఇరాన్ నుంచి తెచ్చారు. అదే పేరు, అదే జాతి, అద్దం కింద అదే రూపం. అది లోయ అంతా అల్లుకుపోయింది. పేరు ఒక్కటే, పుట్టిన చోటు వేరు. అందుకే ఇందాక కాగితం ముక్క గురించి అంతసేపు చెప్పాను.

ఇంకొంచెం లోపలికి పోదామా? సమయం ఉందా? ఐదు నిమిషాలంటున్నారు, సరే. బఠాణీ పేనుబంకల్లో కొన్నిటిని ఎఫిడియస్ ఎర్వై పొడిచినా లోపల గుడ్డు బతకదు. ఆ పేనుబంకల్లో ఒక బాక్టీరియా ఉందని 2003లో చూపించారు. హామిల్టొనెల్లా డిఫెన్సా అని పేరు, హామిల్టన్ అనే జీవశాస్త్రవేత్త గౌరవార్థం. దీని పేరు ముందు కాండిడేటస్ అని ఒక మాట తగిలిస్తారు, అంటే అభ్యర్థి. పేరుకి కూడా ఇంకా పరీక్ష పాసవలేదన్నమాట. 2009లో తేలినదేమిటంటే, కాపాడేది నిజానికి బాక్టీరియా కూడా కాదు, ఆ బాక్టీరియాలో ఉండే వైరస్. వైరస్ లేకపోతే రక్షణ లేదు. కందిరీగ లోపలికి దూరి చూస్తే అక్కడ ముందే ఇంతమంది కాపలా.

డీఎన్‌ఏ చూస్తే అన్నీ తేలిపోతాయి కదా అని ఇందాక బయట ఒకరు అడిగారు. 2003లో పాల్ హెబర్ట్ ఒక పద్ధతి చెప్పాడు, ఒక జన్యువులో 658 అక్షరాలు చదివి జాతిని గుర్తించడం. బార్‌కోడ్ అంటారు. చాలా పనికొస్తుంది, నేనూ వాడతాను. మమ్మీలోంచి ఏదో బయటికొచ్చేదాకా ఆగకుండానే లోపలున్నది ఎఫిడియస్సా, దాన్ని తినేదా అని కనిపెట్టొచ్చు. కానీ ఆలోచించండి, బయటికి ఆరోగ్యంగా కనిపించే ఒక పేనుబంకని నలిపి చదివారు. లోపల కందిరీగ పిల్ల ఉంటే? మీరు చదివింది ఎవరి అక్షరాలు? పైగా ఆ అక్షరాలు దేనితో పోల్చాలి? ఎవరో ఎప్పుడో నడుం కాడ మీద గీతలు లెక్కపెట్టి పేరు రాసిన నమూనాతోనే. అక్కడ పేరు తప్పైతే యంత్రం ఆ తప్పునే తు.చ. తప్పకుండా తిరిగి చెప్తుంది.

సరే, నేను ఇక్కడితో ఆపుతాను, ఎందుకంటే అక్కడ రెండు మైక్రోస్కోపులు ఎదురుచూస్తున్నాయి. మొదటిదాని కింద గాజు పలక మీద పత్తి పేనుబంక, వెనక గొట్టాలు నల్లగా, తోక లేతగా, తేడా తెలుస్తుంది. రెండోదాని కింద మూడు ఖాళీ మమ్మీలు, మూడు చిన్న కందిరీగలు. ఏది దేన్లోంచి వచ్చిందో నేను జత కలిపి పెట్టాను. కాగితం మీద చోటు, తేదీ, మొక్క రాశాను, పేరు దగ్గర ఖాళీ వదిలాను. రంధ్రం అంచు చూసి పక్కనున్న పుస్తకంలో మీరు ఏమనుకుంటున్నారో రాయండి. పెన్సిలుతో రాయండి. అద్దాన్ని కిందికి దించేటప్పుడు మాత్రం మెల్లగా, పలక పగిలితే నా దగ్గర ఇంకొకటి లేదు.